గడప మీద కర్ర

ఆ ఉదయం రామతులసి గ్యాసు పొయ్యి వెలిగించింది గానీ కట్టెల పొయ్యి జోలికి పోలేదు.

బయటివాళ్లకు ఇదొక విషయమే కాదు. కాఫీ వచ్చింది, ఉప్మా వచ్చింది. కానీ శేషగిరిరావు ఇంట్లో కట్టెల పొయ్యి మనుషుల తిండి కోసం కాదు, కర్రల కోసం. పొయ్యి పైన దూలానికి సాము కర్రలు వేలాడుతుంటాయి. వాటికి ఆముదం పట్టించి, తిరునాళ్ళకు ముందు రోజూ పొగ పెడితేనే దెబ్బకు చీలకుండా నిలబడతాయి. కాపురానికి వచ్చిన ఏడాది నుంచీ ఆ పొగంతా రామతులసి కళ్లలోకే పోయింది.

తిరునాళ్ళు ముంచుకొస్తుంటే చల్లారిన పొయ్యిని ఆయన రెండుసార్లు వంగి చూశాడు. అడగడానికి మాత్రం నోరు రాలేదు. కాఫీ గ్లాసు ముందు పెడుతూ ఆవిడ వారం రోజులుగా అంటున్నట్టే "తీసుకోండి" అన్నది మరి. మామూలు రోజుల్లో మొగుణ్ణి నువ్వు అనే మనిషి ఆవిడ. కోపం బాగా ముదిరితేనే మర్యాద వస్తుంది.

కోపం దేనికో ఆయనకు అర్థం కాలేదు. అర్థం కాకపోవడం ఆయనకు కొత్తా కాదు. అందుకని కాఫీ తాగాడు.

నిజానికి వారం రోజులుగా శేషగిరిరావు మంచి హుషారు మీదున్నాడు. హాల్లో టీవీ పక్కన గోడకు ఆనించి ఉన్న నీలం రంగు ఫైబరు కర్ర ఆ హుషారుకు కారణం. వచ్చేపోయే ప్రతివాడికీ కనబడాలని దాన్ని అక్కడ నిలబెట్టాడు. అది కోటి కర్ర.

కోటి ఒకప్పుడు ఈ రాళ్ళగుంట ఊరి సాముబడిలో, అంటే తాలీంలో, ఈయన దగ్గరే కర్ర పట్టడం నేర్చుకున్నాడు. ఇప్పుడు నరసరావుపేటలో అకాడమీ పెట్టి, పాటలు పెట్టి, లైట్లు వెలిగే కర్రలు తిప్పిస్తూ దానికి ఫ్యూజన్ సాము అని పేరు పెట్టాడు. ఎత్తిపోతల జలపాతం ముందు నిలబడి అతను కర్రను మెడ చుట్టూ తిప్పిన వీడియో లక్షల మంది చూశారట. ఆ లక్షల్లో సగం మా నాన్నే చూసుంటాడని కూతురు దీపశ్రీ అంటుంది.

ఊళ్లో కుర్రాళ్లంతా ఆ వైపు వెళ్లిపోయారు. తాలీంలో మిగిలింది ఉస్తాదు శేషగిరిరావు, ఆయన జోడీ కాలేషా. అంతలో కాలేషాకు కంటి ఆపరేషన్ అయింది. కర్ర ముట్టుకుంటే కన్ను పోతుందని డాక్టరు గట్టిగా చెప్పాడు.

ఇక్కడే వచ్చింది చిక్కు. వీరుల తిరునాళ్ళలో గుడి ముందు తొలి కర్ర ఎత్తాలంటే జోడీ ఉండాలి. ఆ జోడీ ఊరి సాము తెలిసిన మనిషై ఉండాలి. జోడీ లేకపోతే ఎంతటి ఉస్తాదైనా జనంలో నిలబడి చూడాల్సిందే. శేషగిరిరావుకు తొలి కర్ర ఒక్కటే మిగిలిన గౌరవం. అది పోతే తను మీసం ఉన్న మిరప రైతు తప్ప మరేమీ కాదని ఆయన భయం. కోటి కూడా ఈ ఏడు తొలి కర్ర కోసం పేరిస్తానన్నాడు. పేటలో వందమంది పిల్లలున్నా వాళ్లెవరూ ఈ ఊరి సాము నేర్చినవాళ్లు కాదు గనక జోడీ కోసం అతనూ వెతుక్కుంటున్నాడు.

జోడీని నోటితో అడగడం రాళ్ళగుంటలో ఆచారం కాదు. తన కర్రను ఎదుటి మనిషి గడప మీద అడ్డంగా పెట్టి వెనక్కి తిరిగిపోవాలి. వాళ్లు ఎత్తుకుంటే ఒప్పుకున్నట్టు. దాటి వెళితే కాదన్నట్టు.

పోయిన ఆదివారం మధ్యాహ్నం శేషగిరిరావు నిద్ర లేచి గేదెకు కుడితి పెడదామని వెళుతుంటే, గడప మీద ఈ నీలం కర్ర కనిపించింది. శిష్యుడు ఎన్ని వేషాలు వేసినా చివరికి గురువు గుమ్మానికే వచ్చాడని ఆయన కళ్లు చెమర్చాయి. కర్ర ఎత్తుకుని, గేదె సంగతి మర్చిపోయి, నేరుగా టీ కొట్టుకు వెళ్లాడు. కోటిగాడు తనను జోడీ అడిగాడనీ, పెద్ద మనసు చేసుకుని ఒప్పుకున్నాననీ కనపడిన ప్రతివాడికీ చెప్పాడు. వినపడని వాళ్లకు రెండోసారి చెప్పాడు.

కాఫీ అయ్యేసరికి కాలేషా వచ్చాడు. కళ్లకు నల్లద్దాలు, చేతిలో గొడుగు. లోపలికి వస్తూనే చెల్లెమ్మా కాఫీ అని వంటింటి వైపు కేకేశాడు. కాఫీ వచ్చింది గానీ మాట రాలేదు. కాలేషా గ్లాసు పట్టుకుని, చాలాసేపటి నుంచి మనసులో నానుతున్న విషయం ఒకటి బయటపెట్టాడు.

"బావా, నాకో అనుమానం. కర్ర పెట్టింది కోటి గదా."

"అవును."

"ఎత్తింది నువ్వు గదా."

"ఊరంతా తెలుసు గదా, మళ్ళీ అడుగుతావేంది?"

"అయితే ముందు కర్ర వాడిది. నీది వెనక కర్ర."

శేషగిరిరావు టీవీ పక్కనున్న నీలం కర్ర వైపు చూశాడు.

తప్పు ఆయనది కాదు, అలవాటుది. ఇన్నేళ్లలో ఆయన ఎప్పుడూ కర్ర పెట్టినవాడే. ఎత్తింది ఎప్పుడూ కాలేషానే. పెట్టినవాడు ముందు కర్ర, ఎత్తినవాడు వెనక కర్ర అన్నది తనే పిల్లలకు నేర్పిన మొదటి పాఠం. ముందు కర్ర ఏ అడుగు వేస్తే వెనక కర్ర దానికి తగ్గ అడుగు వేయాలి. అంటే వీరుల గుడి ముందు, ఊరందరి ఎదుట, కోటి ఎలా తిరిగితే తను అలా తిరగాలి.

"పాట కూడా పెడతాడా?" అని నెమ్మదిగా అడిగాడు.

"డీజే మాట్లాడాడంట" అన్నాడు కాలేషా. ఆ వెంటనే జాలి పుట్టి, వెనక కర్ర అంత చెడ్డదేం కాదనీ, తను అలవాటు పడిపోయాననీ చెప్పాడు. ఆ ఓదార్పు శేషగిరిరావుకు ఇంకా మంట పుట్టించింది.

అప్పుడు వంటింట్లో నుంచి రామతులసి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. చేతిలో గరిటె ఉంది. వారం రోజులుగా "తీసుకోండి" తప్ప మరో మాట అనని మనిషి నోరు విప్పింది.

"ఆ కర్ర మీకు ఏ గడప మీద దొరికింది?"

"మన గడప మీదే."

"ఏ గుమ్మం?"

శేషగిరిరావు కాస్త ఆలోచించాడు. గేదె దగ్గరికి వెళుతుంటే కదా కనిపించింది. "పెరటి గుమ్మం" అన్నాడు.

"ఈ ఇంట్లో పెరటి గుమ్మంలో నుంచి పొద్దస్తమానం తిరిగేది ఎవురు?"

కాలేషా నల్లద్దాల వెనక నుంచి ఒకసారి ఆయన వైపు, ఒకసారి ఆవిడ వైపు తిరిగాడు. ఎటు చూసినా అతనికి మసకే గానీ, గాలి మారిందని మాత్రం తెలిసింది.

"అది నాకు పెట్టిన కర్ర" అన్నది రామతులసి. "నా చేతులు సబ్బుతో ఉన్నయ్. బట్టలు ఆరేసొచ్చి తీసుకుందాంలే అనుకున్నా. వచ్చి చూసేతలికి మీరు టీ కొట్టుకి మోసుకుపోయారు."

ఆ సమయంలో శేషగిరిరావు చేయకూడని పని ఒక్కటే ఉంది. అదే చేశాడు. పకపకా నవ్వాడు.

"నీకు కర్రేందే?"

రామతులసి గిరుక్కున తిరిగింది. లోపలికి వెళ్లిపోయింది. గిన్నె మీద మూత పడిన చప్పుడు వీధి దాకా వినిపించింది.

ఆ చప్పుడుకు దీపశ్రీ గదిలో నుంచి బయటికి వచ్చింది. పేటలో బ్యాంకులో పనిచేసే అమ్మాయి, శని ఆదివారాలు చూసుకుని వచ్చింది. తల్లి మోకాళ్ల నొప్పులకు డాక్టరు నడక, కదలిక ఉండాలన్నాడని, నెల క్రితం అమ్మను తన దగ్గర ఉంచుకున్నప్పుడు కోటి అకాడమీలో ఆడవాళ్ల బ్యాచీకి తీసుకెళ్లింది కూడా ఈ అమ్మాయే. ఆ సంగతి తండ్రికి ఫిజియోథెరపీ అని చెప్పింది. ఇక దాచి లాభం లేదనుకుని ఫోను తీసి, ఒక వీడియో పెట్టి తండ్రి చేతిలో ఉంచింది.

వీడియోలో చీర కుచ్చెళ్లు బొడ్లో దోపుకుని రామతులసి కర్ర తిప్పుతోంది. వెనక పాట మోగుతోంది. చుట్టూ ఆడవాళ్లు చప్పట్లు కొడుతున్నారు.

శేషగిరిరావు వీడియో చివరిదాకా చూశాడు. తర్వాత మాటలు వరసగా వచ్చాయి. ఈ వయసులో ఈ గంతులేంటన్నాడు, ఉస్తాదు పెళ్లాం వెళ్లి శిష్యుడి దగ్గర నేర్చుకుంటే ఊళ్లో తల ఎలా ఎత్తుకోవాలన్నాడు, చేతులు తిప్పినంత మాత్రాన సాము అవుతుందా అన్నాడు. అమ్మ అక్కడ నేర్చుకోలేదని దీపశ్రీ చెప్పబోయింది. ఆయన వినలేదు.

ఈలోగా కాలేషా ఫోను లాక్కుని, నల్లద్దాలు పైకెత్తి, బాగున్న కంటికి ఆనించుకున్నాడు.

"మొహం ఆనట్లేదు గానీ కాళ్లు ఆనతన్నయ్. ఆ అడుగు మనదే గదా బావా."

"ఏ అడుగు?"

"వెనక్కి అరడుగు వేసి మడమ మీద తిరిగిపోయిద్ది, చూడు. ఏమాటకామాట, నువ్వు వేస్తంటే చూడటమే గానీ ఆ అడుగు నాకు కూడా చెప్పలా."

శేషగిరిరావు ఫోను తీసుకున్నాడు. వీడియోను వెనక్కి జరిపి చూశాడు. మళ్ళీ జరిపాడు. ఈసారి చేతుల్ని వదిలేసి కాళ్లు చూశాడు.

అది దొంగడుగు. ప్రతి ఉస్తాదూ ఒక్క అడుగు ఎవరికీ చెప్పకుండా తన దగ్గర ఉంచుకుంటాడు. ఈయన ఉంచుకున్నది అదే. కాలేషాకు చెప్పలేదు, కోటికి చెప్పలేదు. ఆ అడుగు కట్టిన రోజుల్లో మాత్రం, సరిగ్గా కుదిరిందో లేదో తెలియాలంటే ఎదురుగా ఒక మనిషి కావాల్సి వచ్చింది. కొత్తగా కాపురానికొచ్చిన భార్యను పెరట్లో నిలబెట్టి, తలుపులు వేసి, చేతికొక కర్ర ఇచ్చాడు. సాయంత్రాలు అలా చాలా గడిచాయి. ఆవిడ నవ్వేది, దెబ్బ తప్పించుకునేది, ఒకటి రెండుసార్లు ఆయనకే దెబ్బ తగిలింది. దీపశ్రీ పుట్టాక అది ఆగిపోయింది. ఆగిపోయిన సంగతి కూడా ఆయన ఎప్పుడూ గుర్తు చేసుకోలేదు.

ఆయనకు సిగ్గేసింది. కానీ సిగ్గును సిగ్గుగా ఒప్పుకునే అలవాటు ఆ వంశంలో లేదు. అందుకని గొంతు సవరించుకుని, పాట మాత్రం బాగా లేదు అన్నాడు.

అంతలో పెరట్లో బైకు ఆగింది. కోటి వచ్చాడు. టీ కొట్టులో మాట పేట దాకా వెళ్లిందని, అది విని పరుగెత్తుకొచ్చాడని మొహం చూస్తేనే తెలుస్తోంది. వీధి గుమ్మం వైపు రావడానికి ధైర్యం చాలక పెరటి గుమ్మం ముందు చెప్పులు విప్పి, అక్కడే నిలబడి పిన్నీ అని పిలిచాడు. పిన్ని కంటే ముందు గురువు వచ్చేసరికి రెండడుగులు వెనక్కి వేశాడు.

"నేను పెట్టింది పిన్నికండీ" అన్నాడు, ఆయన అడగకముందే.

"ఎత్తింది నేను. ఎత్తినోడే జోడీ. ఆచారం నువ్వూ నేనూ మార్చేది కాదు."

ఆ మాట అనేశాక, దాని ప్రకారం తను వెనక కర్ర అవుతానని శేషగిరిరావుకు గుర్తొచ్చింది. కానీ నోరు జారిపోయింది. కోటికి మాత్రం వేరే భయం పట్టుకుంది.

"మీరు నిజంగా కొడతారండీ."

"కొట్టకపోతే అది సాము ఎట్టా అవుద్దిరా? పెళ్లి ఊరేగింపులో బ్యాండోడు కూడా తిప్పుతాడు కర్ర."

కోటి తల వంచుకున్నాడు గానీ ఊరుకోలేదు. తన దగ్గర దెబ్బలుండవు కాబట్టే తల్లులు ఆడపిల్లల్ని కూడా పంపుతున్నారనీ, చిన్నప్పుడు ఈ తాలీంలో తన వేలు విరిగితే, మళ్ళీ సాముకు పోతావా అని ఇంట్లో వారం రోజులు అన్నం పెట్టలేదనీ చెప్పాడు. గురువు గారి దగ్గర నేర్చుకున్నది ఏదీ మర్చిపోలేదన్నాడు. అయితే తన ఆట అంతా చేతుల్లోనే ఉందనీ, కింద కాళ్లు ఖాళీ అనీ, పిన్ని ఒకరోజు కుర్చీలో కూర్చుని అడుగు అలా కాదబ్బాయ్ అని లేచి వేసి చూపించేదాకా ఆ సంగతి తనకే తెలియలేదన్నాడు. పేటలో ఉన్నన్నాళ్లూ ఆ బ్యాచీకి అడుగులు చెప్పింది ఆవిడే. తను పక్కన నిలబడి నేర్చుకున్నాడు.

శేషగిరిరావుకు కోపం తెచ్చుకోవాలనిపించింది. ఎంత వెతికినా దొరకలేదు. కొత్త బాణీ అని తను ఏడాదిగా తిట్టిపోస్తున్నదాని కిందికి తన అడుగే వచ్చి చేరింది. అదీ తన వంటింట్లో నుంచి వెళ్లింది.

రామతులసి ఆయన్ను దాటుకుని హాల్లోకి వెళ్లి, టీవీ పక్కన ఉన్న నీలం కర్ర తీసుకొచ్చి కోటి చేతికిచ్చింది.

"తప్పు చేతిలో పడింది నాయనా. నీ కర్ర నువ్వు తీసుకో. మళ్ళీ పెడతావో లేదో నీ ఇష్టం."

కోటి గురువు మొహం చూశాడు, పిన్ని మొహం చూశాడు. అక్కడే వంగి కర్రను పెరటి గడప మీద అడ్డంగా పెట్టి, ఆచారం ప్రకారం వెనక్కి తిరిగి, బావి గట్టు మీద కూర్చున్నాడు.

"ఎత్తబోకే" అన్నాడు శేషగిరిరావు. ఆజ్ఞలాగా మొదలైన మాట చివరికి వచ్చేసరికి బతిమాలినట్టు అయింది.

రామతులసి ఆయన వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఆయనకు కాస్త సులువుగా ఉండేది.

"కాలేషా అన్నకి కన్ను బాగోలేదన్నప్పటి నుంచి చూస్తన్నా. జోడీ లేడని గురజాల పోయారు, దుర్గి పోయారు, ఎప్పుడో మానేసినోళ్ల ఇళ్లకి పోయి వాళ్ల గడపల మీద కర్ర పెట్టి వచ్చారు. నిన్నగాక మొన్న నా అడుగు చూసిన కోటికి తోచింది. మీకు తోచలా."

"ఇంట్లో మనిషివి. నిన్ను వేరే అడగాలా?"

"గడప నాకూ ఉంది."

కాలేషా కాఫీ గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే ఉంచుకున్నాడు.

రామతులసి వంటింట్లోకి వెళ్లి, పీట వేసుకుని, దూలానికి వేలాడుతున్న కర్రల్లో చెయ్యి పెట్టింది. ఆయన కర్రలన్నిటి వెనక నుంచి సన్నదొకటి తీసింది. మిగతావాటికంటే పొట్టిది, నల్లగా నిగనిగలాడుతోంది. అదక్కడ ఉందని శేషగిరిరావుకు తెలుసు. ఏదో మిగులు కర్ర అనుకునేవాడు. దాని మొదట్లో పట్టు కోసం చుట్టిన ఎర్ర దారం చూశాక గుర్తుపట్టాడు. పెరట్లో ఆ సాయంత్రాల కోసం తనే కోసి, తనే చెక్కి, తనే దారం చుట్టి ఇచ్చిన కర్ర. ప్రతి ఏడూ తన కర్రలతో పాటు ఆవిడ దానికీ ఆముదం పట్టించింది. ప్రతి ఏడూ దానికీ పొగ పెట్టింది. ఆయన మొహం పక్కకు తిప్పుకున్నాడు. దగ్గు వచ్చిందని అందరూ అనుకునేలా దగ్గాడు.

ఆవిడ ఆ కర్ర తీసుకుని పెరటి వైపు పోలేదు. హాలు దాటి, ఆయన తిరిగే వీధి గుమ్మం దగ్గరికి వెళ్లి, గడప మీద దాన్ని అడ్డంగా పెట్టింది. వెనక్కి తిరిగింది. కొంగుతో చేతులు తుడుచుకుంది.

అప్పటికే వీధిలో తిరునాళ్ళ పెద్దలు పేర్లు అడుగుతూ ఇల్లిల్లూ తిరుగుతున్నారు. టీ కొట్టు జనం కూడా వేడుక చూద్దామని వాళ్ల వెంటే వచ్చారు. అరుగు ముందు నిలబడి పెద్దాయన ఒకరు లోపలికి కేకేశాడు. తొలి కర్రకు జోడీ పేర్లు చెప్పాలనీ, ఉస్తాదు స్వయంగా బయటికొచ్చి చెప్పాలనీ అన్నాడు.

శేషగిరిరావు గడప దాకా వచ్చి ఆగాడు.

ఎదురుగా ఊరు. మధ్యలో కర్ర. ఎత్తితే తొలి కర్రలో తను ఉంటాడు, కానీ వెనక కర్రగా. ముందు కర్ర పెళ్లాంది. ఆవిడ అడుగు వేస్తే తను దానికి తగ్గ అడుగు వేయాలి. టీ కొట్టు వాళ్లు జన్మంతా చెప్పుకుంటారు. దాటితే ఎవరూ ఏమీ అనరు. తొలి కర్ర మాత్రం ఇక తన చేతికి రాదు. పెరటి గడప మీద నీలం కర్ర రామతులసి కోసం ఎలాగూ ఎదురుచూస్తోంది.

"ఏం చేయమంటావే?" అన్నాడు, వెనక్కి తిరగకుండానే.

"నీ ఇష్టం" అన్నది రామతులసి.

నీ ఇష్టం అన్నది. మీ ఇష్టం అనలేదు. వారం రోజుల తర్వాత మళ్ళీ ఆయన నువ్వు అయ్యాడు. అది విన్నాక ఆయనకు నిలబడటం ఇంకా కష్టమైంది.

జనం అరుగు దాకా జరిగారు. బావి గట్టు మీద కూర్చున్న కోటి లేచి నిలబడ్డాడు. దీపశ్రీ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. శేషగిరిరావు ఒక చేత్తో తలుపు రెక్క పట్టుకుని, ఒక కాలు కదిలించాడు.

కాలేషా మాత్రం నల్లద్దాల వెనక నుంచి మెడ సాచి చూస్తున్నాడు. అతనికి మసక మసకగా ఒక పంచె కదిలినట్టు తెలిసింది గానీ, అది ఎటు కదిలిందో తెలియలేదు.

"ఎవురన్నా చెప్పండమ్మా" అన్నాడు. "వంగాడా, దాటాడా?"

ఎవరూ చెప్పేలోగా, వంటింట్లో రామతులసి కట్టెల పొయ్యి వెలిగిస్తున్న పొగ వాసన అతనికి తగిలింది.